ఎయిర్ ఎక్కలేదంటే కంప్రెసర్ పోయినట్టేనా?

మా బాబాయి తన పన్నెండు టైర్ల బండికి ఈ మధ్య కొత్త కంప్రెసర్ వేయించాడు. లారీ బ్రేకులు పనిచేసేది నొక్కిపెట్టిన గాలితో, ఆ గాలిని ట్యాంకుల్లోకి నింపేది కంప్రెసర్. వాళ్ల లారీల లెక్కలు రాసేది నేనే కాబట్టి బిల్లు నా దగ్గరికొచ్చింది. కంప్రెసర్, గాస్కెట్లు, కూలెంటు, ఇంజనాయిలు, లేబరు, చివరికి చేతులు తుడుచుకున్న వేస్టు గుడ్డల ఖరీదు కూడా రాశారు. తప్పు ఎక్కడుందో వెతికినందుకు మాత్రం ఒక్క రూపాయి కూడా వెయ్యలేదు. వెయ్యకపోవడం న్యాయమే. ఎవరూ వెతకలేదు కాబట్టి.

"ఎయిర్ ఎక్కట్లేదు" అని డ్రైవరు చెప్పాడు. "కంప్రెసర్ పోయుంటది" అని గ్యారేజీలో అన్నారు. "అయితే మార్చెయ్యండి, రేపు లోడుంది" అని బాబాయి అన్నాడు. ముగ్గురూ కలిసి టీ చల్లారేలోపు తేల్చేశారు. కొత్తది బిగించి స్టార్ట్ చేస్తే ఎయిర్ గేజీలో సూది ఆరు బార్ దాటి కదల్లేదు. అప్పుడు పక్క షెడ్డులో బ్రేకు పని చేసే ఒక పెద్దాయన్ని పిలిచారు. ఆయన బండి కిందికి వంగి, గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ అడుగున అరచెయ్యి పెట్టి, "ఇదిగోనండీ, మీ ఎయిరంతా ఇక్కణ్ణించి పోతోంది" అన్నాడు. డ్రయ్యర్ కింద ఉండే, ఆ తేమని బయటికి వదిలే పర్జ్ వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయింది. దాని కిట్టు ఖరీదు కంప్రెసర్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. మరి ఆ పెద్దాయనకి ఎంతిచ్చావని అడిగితే బాబాయి, "ఆయనేం చేశాడ్రా, చెయ్యి పెట్టి చూశాడు" అన్నాడు.

నా గొడవంతా అక్కడే. ఎయిర్ తగ్గిందనగానే అన్నిటికంటే చివర విప్పాల్సిన కంప్రెసర్‌ని మనం అన్నిటికంటే ముందు విప్పుతున్నాం. దీనికి మేస్త్రీలకి పని రాకపోవడం కారణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. విజయవాడ ఆటోనగర్లో చెవితోనే లీకు పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ మనం స్పేరుకి డబ్బులిస్తాం, రెంచీ తిప్పినందుకు ఇస్తాం, చూసినందుకు మాత్రం ఇవ్వం. చూడటం ఉచితమని ఓనర్లమే తీర్మానించుకున్నాక, గ్యారేజీవాడు చూడకుండా విప్పాడని తిట్టడంలో అర్థం లేదు.

సూదిని అడగాల్సినవి రెండు

గేజీ ముందు కూర్చుని మనం ఒక్కటే అడుగుతాం: నిండిందా, లేదా? అడగాల్సినవి రెండు. ఇంజను ఆపేశాక సూది దిగుతోందా? ఇంజను నడుస్తున్నప్పుడు ఎక్కడానికి ఎంతసేపు పడుతోంది? ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటే వెతుకులాట సగం తగ్గిపోతుంది.

అమెరికాలో ఎయిర్ బ్రేకు బండి నడపడానికి లైసెన్సు కావాలంటే డ్రైవరు ఈ పరీక్ష చేసి చూపించాలి. చక్రాలకి అడ్డం పెట్టి, ట్యాంకులు నింపి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి చూస్తే ట్రైలర్ లేని బండికి ఒత్తిడి నిమిషంలో 2 పీఎస్‌ఐకి (అక్కడి ఒత్తిడి కొలత) మించి పడకూడదు. పెడలు నొక్కి పట్టుకుంటే 3. ట్రైలర్ తగిలించిన బండికైతే ఇవే 3, 4 అవుతాయి. ఎక్కడం సంగతికొస్తే, 85 నుంచి 100 పీఎస్‌ఐకి 45 సెకన్లలోపు చేరాలి. మన గేజీల లెక్కలో అది ఇంచుమించు ఆరు నుంచి ఏడు బార్. 2 పీఎస్‌ఐ అంటే 0.14 బార్, సూది కదిలిందా లేదా అని అనుమానం వచ్చేంత. దిగడం కంటికి తెలిసిపోతోందంటే లీకు ఉన్నట్టే.

మన దగ్గర రాత్రి పెట్టిన బండిలో తెల్లారేసరికి ఎయిర్ సున్నా అయితే "పాత బండి కదండీ" అంటారు. పావుగంట సేపు రేసు చేసి ఎయిర్ ఎక్కించి బయల్దేరతారు. ఆ పావుగంట డీజిలు ఎవరి ఖాతాలో పడుతోందో నేను బాబాయికి చాలాసార్లు చెప్పాను. వినడు. అది వేరే సంగతి.

ఇంజను ఆపాక సూది దిగుతుంటే చూడాల్సిన చోట్లు చాలా ఉన్నాయి: బూస్టర్ (చక్రం దగ్గర గాలితో బ్రేకుని నెట్టే డబ్బా) లోపలి రబ్బరు డయాఫ్రం, పైపు జాయింట్లు, బ్రేకు పెడలు కింద ఉండే ఫుట్ వాల్వు, హ్యాండ్ బ్రేకు వాల్వు. ఈ రోజుల్లో వీటికి లిఫ్ట్ యాక్సిల్ బెలోలు (అవసరం లేనప్పుడు చక్రాలని పైకెత్తే గాలి సంచులు), క్లచ్ బూస్టర్, ఎయిర్ సీటు తోడయ్యాయి. వాటి మీద మనవాళ్లు తగిలించుకునే రాగాల హారన్లు ఒకటి. మోటారు వాహనాల నిబంధనల్లో 119వది వాటిని వద్దంటుంది, అయినా చాలా బండ్లకి ఉంటాయి. ఆ హారనుకి లాగిన ప్లాస్టిక్ పైపు జాయింటు దగ్గర సబ్బు నురగ రాసి చూడండి, తమాషా తెలుస్తుంది. పెడలు తొక్కినప్పుడే లీకు వినిపిస్తే వెతకాల్సిన చోటు ఇంకా చిన్నదవుతుంది, ఫుట్ వాల్వు నుంచి బూస్టర్ల దాకా చూస్తే చాలు. వీటిలో ఏదీ కంప్రెసర్ తప్పు కాదు. కంప్రెసర్ పాపం నింపుతూనే ఉంది.

చిక్కంతా రెండో రకంలో ఉంది. ఇంజను ఆపితే సూది కదలదు, నడుస్తుంటే ఎక్కదు. ఇలాంటప్పుడు అనుభవం ఉన్నవాళ్లు కూడా "లీకు లేదు, ఎక్కట్లేదు, కాబట్టి కంప్రెసరే" అనేస్తారు. వినడానికి సరిగ్గానే ఉంటుంది. బాబాయి బండి సరిగ్గా ఈ రకమే. కానీ డ్రయ్యర్ దాటాక ఒక నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది, ట్యాంకుల్లోకి పోయిన గాలిని వెనక్కి రానివ్వదు. కాబట్టి కంప్రెసర్‌కీ ఆ వాల్వుకీ మధ్య ఎంత పెద్ద కన్నం ఉన్నా ఇంజను ఆపి చేసే పరీక్షలో బయటపడదు. ట్యాంకులు నిండుగానే ఉంటాయి, సూది బొమ్మలా నిలబడుతుంది. ఆ కన్నం ఇంజను నడుస్తున్నప్పుడే, అదీ ఎయిర్ ఎక్కుతున్నప్పుడే మాట్లాడుతుంది. పర్జ్ వాల్వు అసలు తెరుచుకోవాల్సింది ట్యాంకులు నిండి కట్ అయినప్పుడు మాత్రమే, మనం రోడ్డు మీద వినే ఆ "తుస్స్" అదే. నిండకముందే దాని కింద చెయ్యి పెడితే గాలి తగిలిందంటే ఇక రెంచీ పట్టుకోనక్కర్లేదు.

ఆ చెయ్యి పెట్టడానికి పది సెకన్లు పడుతుంది. ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఆ పెద్దాయనకి ఎన్నేళ్లు పట్టిందో బాబాయి లెక్కలోకి రాలేదు.

చెయ్యి పెట్టినా ఏమీ తగలకపోతే? అప్పుడు కూడా కంప్రెసర్ వంతు రాలేదు. అది గాలి పీల్చేది ఇంజను ఎయిర్ ఫిల్టర్ తర్వాతి పైపు నుంచి. ఆ రబ్బరు గొట్టం మెత్తబడి నొక్కుకుపోయినా, ఫిల్టర్ దుమ్ముతో బిగుసుకుపోయినా దానికి పీల్చడానికి గాలే అందదు. చీమకుర్తి క్వారీల్లో తిరిగే బండ్లకి, సిమెంటు మోసే బండ్లకి ఇది చాలా మామూలు. గాలి అందని కంప్రెసర్ ఊరుకోదు, కింద నుంచి నూనెని పైకి లాగుతుంది. ఆ నూనె ట్యాంకులో కనిపించగానే "రింగులు పోయాయి, బోరు చెయ్యాలి" అన్న తీర్పు వచ్చేస్తుంది. మార్చాల్సింది ఫిల్టరు, మారేది కంప్రెసరు.

నల్లబడిన పైపు

కంప్రెసర్ నిజంగానే పోయిన సందర్భాలు లేవా? బోలెడు ఉన్నాయి. చప్పుడు చేసేవి, జామ్ అయ్యేవి, గేరు పళ్లు రాలేవి, ట్యాంకు అడుగు డ్రెయిన్ తిప్పితే గ్లాసుడు నూనె కక్కేవి. వాటిని మార్చాల్సిందే. కానీ అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది పెడితే, దాన్ని కూడా అదే దారిన పంపిస్తున్నట్టు.

గాలిని ఎనిమిది బార్లకి నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆగకుండా పనిచేస్తున్న కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి వేడి 200 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. మే నెల మధ్యాహ్నం మన ఎండలో ఇంజను పక్కన గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కంప్రెసర్‌కి ఇంజనాయిలే చమురు కాబట్టి ఆ వేడి గాలితో పాటు కొద్దిగా నూనె ఆవిరి ఎప్పుడూ పోతుంది. అది కంప్రెసర్ నుంచి డ్రయ్యర్‌కి పోయే పైపు లోపల గోడలకి పట్టి, కాలి, బొగ్గులా గట్టిపడుతుంది. పైపు సన్నబడుతుంది. సన్నబడిన పైపులోంచి తోయడానికి కంప్రెసర్ ఇంకా కష్టపడుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా నూనె పంపుతుంది, ఇంకా బొగ్గు పడుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఎవరో పైపు విప్పి చూసేదాకా ఆగదు.

కొత్త కంప్రెసర్ పెట్టేటప్పుడు ఈ పైపుని ఊడదీసి, లోపల వేలు పెట్టి చూసే గ్యారేజీలు ఎన్నున్నాయి? పైపు మీద లాభం తక్కువ, ఊడదీయడానికి చిరాకు. పాత పైపునే కొత్త కంప్రెసర్‌కి తగిలిస్తారు. కొన్ని నెలలకి మళ్లీ ఎయిర్ ఎక్కదు, ఆయిల్ వస్తుంది. "ఈ కంపెనీ మాల్ బాగోలేదండీ, ఈసారి వేరే కంపెనీది వేద్దాం" అంటారు. ఓనరు తలూపుతాడు.

వీటన్నిటికీ మూలం చాలాసార్లు ఇంకెక్కడో ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంత సేపూ కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది కానీ ట్యాంకులు నిండాక దానికి విశ్రాంతి. హైవే మీద పోయే బండికి అది నిజంగా గాలి నొక్కే సమయం మొత్తం నడకలో నాలుగో వంతు కూడా ఉండకూడదు. చల్లబడేది ఆ మిగిలిన సమయంలోనే. వెనక ఎక్కడో ఒక బూస్టర్, ఒక బెలో, ఒక హారన్ పైపు కొద్దికొద్దిగా కారుతుంటే ఆ విశ్రాంతి పోతుంది. డ్రైవరుకి ఎయిర్ తగ్గినట్టు తెలియదు, ఎందుకంటే కంప్రెసర్ ఎప్పటికప్పుడు నింపేస్తోంది. తెలిసేది ఏడాది తర్వాత, అది చచ్చిపోయినప్పుడు. ఆఖరి చక్రం దగ్గర చిన్న లీకు ముందున్న కంప్రెసర్‌ని చంపుతుందంటే మా బాబాయి నమ్మలేదు. ఇప్పటికీ సగమే నమ్ముతాడు.

రోడ్డు మీద తుస్స్ అనే శబ్దం ఎంతెంత సేపటికి వస్తోందో గమనిస్తే ఇది ముందే తెలుస్తుంది. బ్రేకు తొక్కకుండా సాఫీగా పోతున్న బండి మాటిమాటికీ తుస్సుమంటోందంటే గాలి ఎటో పోతోంది, లేదా ఆ నాన్ రిటర్న్ వాల్వే సరిగ్గా పట్టడం లేదు. దీనికి పనిముట్లు అక్కర్లేదు. కాకపోతే పాటలు కాసేపు ఆపాలి.

నీళ్లలో బుడగలు

ఇంతదాకా చదివినవాళ్లు నేను కంప్రెసర్ తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోవచ్చు. అందుకే దీనికి తిరగేసిన కేసు ఒకటి చెబుతాను.

మాకు తెలిసిన ఒకాయన బండి రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి, నీళ్లు బయటికి తన్నేస్తున్నాయి. చూసినవాళ్లంతా హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. ఇంజను హెడ్ దించారు, లేతుకి పంపి సాపు చేయించారు, కొత్త గాస్కెట్ వేసి ఎక్కించారు. బండి వారం పైన షెడ్డులో ఉంది. స్టార్ట్ చేస్తే మళ్లీ బుడగలు. పగిలింది ఇంజను హెడ్ కాదు, కంప్రెసర్ హెడ్. చాలా బండ్లలో కంప్రెసర్ హెడ్‌ని చల్లబరిచేది ఇంజను కూలెంటే. అందులో చిన్న పగులొస్తే నొక్కిన గాలి తిన్నగా నీళ్లలోకి పోతుంది, చూడటానికి అచ్చం హెడ్ గాస్కెట్ జబ్బులా ఉంటుంది.

తేడా పట్టడానికి ఏమీ విప్పనక్కర్లేదు. ఎయిర్ ఎక్కుతున్నంత సేపూ బుడగలొచ్చి, నిండి కట్ అవ్వగానే తగ్గిపోతే అనుమానం కంప్రెసర్ మీదికి పోవాలి. కట్ అయినా కాకపోయినా ఒకేలా వస్తుంటే అప్పుడు ఇంజను సంగతి చూడాలి. (వేడి రేడియేటర్ మూత తీయొద్దని వేరే చెప్పాలా? చెబుతున్నా. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, అప్పుడు స్టార్ట్ చేసి చూడండి.)

ఇక్కడ దోషి కంప్రెసరే, కానీ దానివైపు ఎవరూ చూడలేదు. బాబాయి బండిలో అది నిర్దోషి, దాన్నే ముందు పట్టుకున్నారు. రెండుచోట్లా జరిగిందొకటే, లక్షణం వినగానే ఖరీదైన పార్టు పేరు ఒకటి నోటికొచ్చింది.

మేస్త్రీ లెక్క

ఈ విషయం మా బండ్లు ఎక్కువగా వెళ్లే షెడ్డు మేస్త్రీతో వాదించాను. ఆయన నా మాట మొత్తం విని, "మీరు చెప్పేది కరెక్టే బాబూ. నేను అరగంట కిందపడి వెతికి, ఒక జాయింటులో ఓ-రింగు (రబ్బరు వలయం) పోయిందని చెప్పాననుకో. ఓ-రింగు ముప్పై రూపాయలు. దానికి ఐదొందలు అడిగితే మీ బాబాయి ఇస్తాడా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. "ఇవ్వడు. ముప్పై రూపాయల పనికి ఐదొందలా అని నలుగురిలో అంటాడు. అదే కంప్రెసర్ మారిస్తే రెండు వేలు లేబరు అడిగినా నోరెత్తడు. స్పేర్ల షాపు వాడి దగ్గర నాకూ ఏదో మిగులుతుంది. ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యాలి?"

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. మనం మెకానిక్‌ని బండి డాక్టరంటాం గానీ, డాక్టరు దగ్గర ఓపీ చీటీకి డబ్బు కట్టాకే లోపలికి పోతాం. ఆయన చూసి "ఏమీ లేదు, మజ్జిగ తాగు" అన్నా ఆ డబ్బు తిరిగి అడగం. షెడ్డులో "ఏమీ లేదు, జాయింటు బిగించాను" అన్న మాటకి మనం ఇచ్చేది టీ.

ఓనరు వైపు కూడా ఒక మాట ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. బండి నిలబడితే కిస్తీ నిలబడదు. డ్రైవరు బత్తా, దిగాల్సిన లోడు, ఎదురుచూసే పార్టీ, ఇవన్నీ గంటల్లో లెక్కేసే ఖర్చులు. వెతకడం ఎప్పటికి తెమిలేదో తెలియదు. మార్చడం సాయంత్రానికి అయిపోతుంది. రీకండిషన్ కంప్రెసర్ ఎక్స్చేంజిలో దొరికే ఆటోనగర్ లాంటి చోట ఆ తెగింపు తెలివితక్కువ పనేం కాదు, కొన్నిసార్లు అది ఫలిస్తుంది కూడా. బండి పదేళ్లు తిరిగి, కంప్రెసర్ ఒక్కసారీ మారక, నూనె కూడా వస్తుంటే, మార్చాక ఎయిర్ చక్కగా ఎక్కితే, "చూశావా, నే చెప్పలా" అంటారు. అలా గెలిచిన పందేలే అందరూ చెప్పుకుంటారు. మార్చినా ఎక్కని బండ్ల కథలు బిల్లులు రాసే నాలాంటివాడికే తెలుస్తాయి.

కానీ వెతకడం ఎప్పటికి తెమిలేదో తెలియదన్న మాట మాత్రం ఎయిర్ విషయంలో నిజం కాదు. వైరింగులో తప్పు వెతకడం వేరు, అందులో రోజులు పోవచ్చు. గాలి దాక్కోదు. శబ్దం చేస్తుంది, చేతికి తగులుతుంది, సబ్బు నీళ్లలో బుడగవుతుంది. ఇంజను ఆపి సూది చూడటం, నడిపి సూది చూడటం, డ్రయ్యర్ కింద చెయ్యి పెట్టడం, ట్యాంకుల డ్రెయిన్ తిప్పి నీళ్లా నూనా చూడటం, ఫిల్టరు, పీల్చే గొట్టం, బయటికొచ్చే పైపు. అన్నీ కలిపి గంట పడితే ఎక్కువ. కంప్రెసర్ ఊడదీసి బిగించడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

కొత్త బండ్లలో ఈ బాధ లేదని కూడా అంటారు. స్కానర్ పెడితే చెప్పేస్తుందట. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు వచ్చాక షెడ్డుల్లో ల్యాప్‌టాపులు కనిపిస్తున్న మాట నిజమే. స్కానర్ ఒత్తిడి తక్కువగా ఉందని చెబుతుంది. అది డ్యాష్‌బోర్డు మీద సూది కూడా చెబుతోంది. ఏ జాయింటు కారుతోందో చెప్పడానికి మళ్లీ ఎవరో కిందికి దూరాలి. ఒక తేడా మాత్రం ఉంది. స్కానర్ పెట్టినందుకు డబ్బులు అడిగితే ఓనర్లు మారు మాట్లాడకుండా ఇస్తున్నారు. యంత్రం చూస్తే ఫీజు, మనిషి చూస్తే ఫ్రీ.

నా ప్రతిపాదన చిన్నదే. ఎయిర్ కంప్లయింటుతో వచ్చిన బండికి ముందే ఒక చూపు రేటు మాట్లాడుకోవాలి, దొరికింది ఓ-రింగైనా కంప్రెసరైనా అదే రేటు. దానికి బదులుగా మేస్త్రీ రెండు అంకెలు రాసివ్వాలి: ఆరు నుంచి ఏడు బార్‌కి ఎక్కడానికి పట్టిన సెకన్లు, ఇంజను ఆపాక నిమిషంలో దిగింది ఎంత. పని అయ్యాక అవే రెండు అంకెలు మళ్లీ. అప్పుడు చూడకుండానే చూశానని చెప్పే అవకాశం తగ్గుతుంది. ఫీజు పెడితే దొంగ చూపులు మొదలవుతాయని భయపడేవాళ్లకి నేనిచ్చే జవాబు ఈ నాలుగు అంకెలే. మా మేస్త్రీ దీనికి ఒప్పుకున్నాడు, కాస్త నవ్వుతూ. బాబాయి ఒప్పుకోవడానికి ఇంకొంచెం టైం పట్టింది.

షెడ్డుకి దూరంగా

ఇదంతా ఊళ్లో బండి ఉన్నప్పటి మాట. అర్ధరాత్రి సాలూరు ఘాట్‌లో లోడుతో దిగుతుంటే ఎయిర్ తగ్గిందని బజర్ మోగితే నా చూపు రేటు ఎందుకూ పనికిరాదు. అక్కడ డ్రైవరే మేస్త్రీ.

ఎయిర్ బాగా పడిపోతే వెనక స్ప్రింగ్ బ్రేకులు (గాలి ఒత్తిడి ఉన్నంతసేపే వదిలి ఉండేవి) పట్టేసి బండి ఉన్నచోటే నిలబడుతుంది. అలా నిలబడాలనే దాన్ని పెట్టారు. గాలి పోతే బ్రేకు పడాలన్న ఆలోచన రైళ్లకి అమెరికా ఇంజనీరు జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లోనే తెచ్చాడు, లారీల్లో ఆ పని చేసేది స్ప్రింగు. కానీ ఘాట్ మధ్యలో దారికి అడ్డంగా నిలబడ్డ బండి వెనక హారన్లు మోగుతుంటే డ్రైవరు ఏం చేస్తాడో మనకి తెలుసు. కారుతున్న బూస్టర్ పైపు మడతపెట్టి ట్యూబు ముక్కతో కట్టేస్తాడు, లేదా ఆ స్ప్రింగు ఉండే డీడీ (డబుల్ డయాఫ్రం) బూస్టర్ వెనక బోల్టు తిప్పి స్ప్రింగు వెనక్కి లాగేస్తాడు. పైపు కడితే ఆ చక్రానికి బ్రేకు లేదు. బోల్టు తిప్పితే, ఇంకాస్త గాలి పోయినప్పుడు ఆపడానికి మిగిలేది ఏమీ లేదు. దించుడు రోడ్డులో ఇది చావుకి ఎదురెళ్లడమే. షెడ్డుకి చేరాక ఆ కట్టు విప్పడం కూడా మర్చిపోతారు. ఆ కట్టుతోనే మళ్లీ లోడుకి పోయిన బండి మా వీధిలోనే ఒకటుండేది.

డ్రైవర్లని తప్పుపట్టడం తేలిక. ఒకప్పుడు బండికి క్లీనరు ఉండేవాడు. పొద్దున్నే ట్యాంకుల డ్రెయిన్లు లాగి నీళ్లు వదలడం, టైర్లు కొట్టి చూడటం, బండి చుట్టూ తిరిగి ఏ శబ్దం వస్తోందో వినడం వాడి పని. జీతం మిగులుతుందని మనం క్లీనర్లని మాన్పించాం. వాడు చేసే చూపుని ఎవరికి అప్పగించామో ఎవరూ అడగలేదు. రాత్రంతా నడిపిన డ్రైవరు తెల్లారి బండి కిందికి దూరి డ్రెయిన్ లాగుతాడని ఆశించడం అత్యాశ. విశాఖ, కాకినాడ లాంటి తేమ గాలిలో తిరిగే బండ్లకి డ్రయ్యర్ కాట్రిజ్ (తేమ పీల్చే డబ్బా) కాస్త పాతబడిందంటే ట్యాంకుల్లోకి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ నీళ్లు వాల్వుల్లోకి పోయి తుప్పు పట్టిస్తాయి. అందుకే షెడ్డులో మేస్త్రీకి ఇవ్వమన్న డబ్బే రోడ్డు మీద డ్రైవరుకీ ఇవ్వాలంటాను. డ్రెయిన్ లాగి, సూది చూసి అంకె రాసినందుకు ట్రిప్పుకి ఇంతని బత్తాలో కలపాలి.

దాన్ని మా బండ్లకి మొదలుపెట్టాం. ట్రిప్పు షీటులో డీజిలు పక్కన ఒక గడి గీశాను: ఇంజను ఆపాక నిమిషంలో ఎంత దిగింది, డ్రెయిన్‌లో ఏమొచ్చింది. ఒక డ్రైవరు శ్రద్ధగా రాస్తున్నాడు. వెనక ఎడమ బూస్టర్ డయాఫ్రం కారుతోందని ఆ అంకెలు చూసే ముందుగా మార్చాం, కంప్రెసర్ జోలికి పోలేదు. ఇంకో డ్రైవరు షీట్లన్నిటిలో ఒకటే అంకె, ఒకటే మాట: 0.1, నీళ్లు లేవు. వానాకాలంలో కూడా నీళ్లు లేవు. అడిగితే "మన బండి కండిషన్ సార్" అంటున్నాడు. అతనికి ఇచ్చే డబ్బు ఆపాలా, అతనితో పాటు ఒకరోజు పొద్దున్నే నేనూ కిందికి దూరాలా అన్నది బాబాయికీ నాకూ ఇంకా తెగలేదు.